కొరిశపాడు దగ్గర రోడ్డు మీదే విమానం దిగుతుంటే గాలిలో ఇంధనం పోయడం ఎందుకు?

గిత్త_ఒంగోలు · ఒంగోలు · శనివారం రాత్రి 8.40

ఒంగోలు నుంచి గుంటూరు వైపు వెళ్లేవాళ్లందరికీ తెలిసిన చోటే. కొరిశపాడు, రేణంగివరం మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పట్టీ వేశారు. అత్యవసరమైతే విమానాలు దిగడానికి. 2022 డిసెంబరు 29న మొదటిసారి పరీక్షించారు. ఆ రోజు విమానాలు కిందిదాకా వచ్చి వెళ్లాయే తప్ప చక్రం ఆనించలేదు. 2024 మార్చి 18న మాత్రం ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ లేచాయి. సుఖోయ్ యుద్ధవిమానాలు, హాక్ శిక్షణ విమానాలు నేలకు దగ్గరగా వచ్చి ఎగిరిపోయాయి.

నా సందేహం ఏమిటంటే, 2025 జూన్‌లో అమెరికా బీ-2 బాంబర్లు తమ దేశం నుంచి బయలుదేరి ఇరాన్ మీద బాంబులు వేసి తిరిగి వెళ్లాయి. దారిలో పలుమార్లు గాలిలోనే ఇంధనం నింపుకున్నాయి. మన వాయుసేనకు అలా ఇంధనం పోసే ట్యాంకర్ విమానాలు ఆరే ఉన్నాయంటున్నారు. వేల కోట్లు పెట్టి మరికొన్ని కొనాలనీ అంటున్నారు. దేశమంతటా కొరిశపాడు లాంటి పట్టీలు వేసుకుంటూ పోతే ఎక్కడ ఇంధనం తగ్గితే అక్కడ దిగి పోయించుకోవచ్చు కదా! రోడ్డు ఎలాగూ జనానికి పనికొస్తుంది. ట్యాంకర్లు కొనడం దండగ కాదా?

రొయ్యల_చెరువు · సింగరాయకొండ · 8.52

విమానం దిగాలంటే ముందు మా మేత లారీలు ఆపాలి నాయనా. ఆ సంగతి కూడా లెక్కలో రాయండి.

బిట్రగుంట_లోకో · బిట్రగుంట · 9.05

గిత్త గారూ, ఆగడానికే ఖర్చెక్కువ. మా నాన్నగారు బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశారు. ఆవిరి ఇంజన్ ఎంత వేగంగా వచ్చినా నీళ్ల గొట్టం కింద నిలబడక తప్పదు. ఆగాలి, నింపుకోవాలి, మళ్లీ ఆవిరి పెంచుకుని వేగం అందుకోవాలి. బ్రిటన్‌లో 1860లోనే జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంజినీరు పట్టాల నడుమ పొడవాటి నీటి తొట్టి కట్టించాడు. ఇంజన్ కిందనుంచి గరిటె లాంటిది దించితే పరుగు ఆపకుండానే నీళ్లు పైకి ఎక్కేవి. గాలిలో ఇంధనం వెనకున్న బుద్ధీ అదే.

కావలి_మేష్టారు · కావలి · 9.48

గిత్త గారు మంచి ప్రశ్న వేశారు. కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

దిగిన యుద్ధవిమానం ఆ కాసేపూ యుద్ధంలో లేనట్టే. కిందికి రావాలి, ఆగాలి, నింపుకోవాలి, తనిఖీ కావాలి, మళ్లీ పైకెక్కాలి. ముప్పై వేల అడుగులు తిరిగి ఎక్కడానికే బోలెడంత ఇంధనం తగలబడుతుంది. స్థావరానికి 500 కిలోమీటర్ల దూరంలో గస్తీ తిరగాల్సిన విమానాన్ని తీసుకోండి. దాని ఇంధనంలో పెద్ద భాగం రానూపోనూ ప్రయాణానికే సరి. గస్తీకి మిగిలేది కొంచెం. అక్కడే పక్కన ట్యాంకర్ ఉంటే అదే విమానం, అదే పైలట్ గంటల తరబడి కాపలా కాయగలరు. ట్యాంకర్‌కు పెట్టే డబ్బుతో నిజానికి కొంటున్నది ఆ కాపలా కాసే సమయాన్ని.

రెండో లాభం చాలామందికి తట్టదు. విమానం లేచేటప్పుడు మోయగల బరువుకు ఒక హద్దు ఉంటుంది. ఆయుధాలు ఎక్కువ పెడితే ఇంధనం తగ్గించాలి, ఇంధనం నిండా పోస్తే ఆయుధాలు తగ్గించాలి. ఎండ మండే రోజున, లేదా లేహ్ లాంటి ఎత్తైన చోట గాలి పలచబడి ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. ట్యాంకర్ ఉంటే ఆయుధాలు నిండా పెట్టుకుని, ఇంధనం కొంచెమే పోసుకుని లేచిపోవచ్చు. పైకి వెళ్లాక నింపుకోవచ్చు.

మూడోది మరీ తేలిక. బంగాళాఖాతం మీద కొరిశపాడు లేదు.

చరిత్ర కూడా రెండు ముక్కల్లో. 1923 జూన్ 27న అమెరికాలో శాన్ డియాగో దగ్గర ఒక డీహెచ్-4బీ విమానం నుంచి కిందనున్న మరో విమానానికి రబ్బరు గొట్టం వేలాడదీసి పెట్రోలు పోశారు. కింది విమానంలోని మనిషి ఆ గొట్టాన్ని చేత్తో పట్టుకున్నాడు! 1934లో బ్రిటన్‌కు చెందిన అలన్ కోబమ్ ఈ పద్ధతితో ఎక్కడా ఆగకుండా ఇండియాకే రావాలని బయలుదేరాడు. ఇంధనం అందింది గానీ వేగాన్ని అదుపు చేసే యంత్రభాగం ఊడి మాల్టాలో దిగాల్సి వచ్చింది. 1949లో లక్కీ లేడీ-2 అనే అమెరికా బాంబరు నాలుగుసార్లు గాలిలో నింపుకుని 94 గంటల్లో భూమిని చుట్టి వచ్చింది. ఆనాడు ఆ ప్రయాణం చూసి సోవియట్ యూనియన్‌కు అర్థమైన సంగతి ఒక్కటే, ఇక ఏ ఊరూ దూరం కాదని.

గుండ్లకమ్మ · ఒంగోలు · 10.20

మేష్టారు గారూ, మీరు చెప్పినవన్నీ శాంతికాలపు లాభాలు. యుద్ధం మొదలయ్యాక లెక్క మారుతుంది.

ట్యాంకర్ పెద్దది, నెమ్మదైనది, రాడార్‌కు ఇంత లావున కనిపిస్తుంది. దానికి తప్పించుకునే చురుకు లేదు. చైనా దూరశ్రేణి గగనతల క్షిపణుల మీద అంత శ్రద్ధ ఎందుకు పెట్టింది? సుఖోయ్‌తో ముఖాముఖి పోరాడనక్కర్లేదు. దానికి ఇంధనమిచ్చే విమానాన్ని వెనక్కి తరిమితే చాలు, సుఖోయ్ తనంతట తానే ఇంటికి పోతుంది.

ఇక మన దగ్గరున్నవి ఎన్ని? ఐఎల్-78లు ఆరు. 2003 నుంచి వచ్చాయి. ఆగ్రాలోని 78వ స్క్వాడ్రన్‌వి. 2017లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. 2010 నుంచి 2016 దాకా సగటున 49 శాతమే ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయి. ఉండాల్సింది 70 శాతం. ఆరులో సగమంటే మూడు. పడమర సరిహద్దుకు ఒకటి, ఉత్తరానికి ఒకటి, సముద్రానికి ఒకటి. ఒక్కటి పోతే ఒక దిక్కు మొత్తం ఖాళీ.

రోడ్డు పట్టీ అలా కాదు. దాన్ని కొట్టినా రెండు రోజుల్లో గుంత పూడ్చుకోవచ్చు. పది పట్టీలుంటే శత్రువు పదింటికీ క్షిపణులు ఖర్చుపెట్టాలి. నేను గిత్త గారి పక్షం.

గిత్త_ఒంగోలు · ఒంగోలు · 10.24

అదీ మాట!

గూడూరు_బౌజర్ · గూడూరు · 11.15

నేను చాలా ఏళ్లు ఒక పెద్ద విమానాశ్రయంలో విమానాలకు ఇంధనం నింపే బౌజర్ మీద పనిచేశాను. గుండ్లకమ్మ గారూ, మీ వాదన గట్టిదే, కానీ ఒకటి విడిచిపెట్టారు. పట్టీ ఉంటే సరిపోదు, దాని పక్కన ఇంధనం ఉండాలి. ఇంధనం లేని రన్‌వే వట్టి రోడ్డే.

లెక్క వేద్దాం. సుఖోయ్-30 లోపలి ట్యాంకుల్లో పట్టేది సుమారు 9.6 టన్నులు. విమాన ఇంధనం సాంద్రత లీటరుకు 0.8 కిలోలకు అటూఇటూ. అంటే దగ్గర దగ్గర 12,000 లీటర్లు. మన రోడ్ల మీద తిరిగే 12 కిలోలీటర్ల ట్యాంకరు లారీ చూశారుగా, అది మొత్తం ఒక్క సుఖోయ్ తాగేస్తుంది. నాలుగు సుఖోయ్‌లు రోజుకు రెండుసార్లు లేస్తే ఎనిమిది లారీలు. ఎక్కువసార్లు లేస్తే ఇంకా ఎక్కువ. ఆ లారీలన్నీ ఏ దారిన రావాలి? ఆ జాతీయ రహదారి మీదనే. దాన్నే మీరు మూసేసి రన్‌వే చేశారు.

లారీ వచ్చింది కదా అని గొట్టం తగిలించి పోసేయడం కుదరదు. ముందు లారీకీ విమానానికీ తీగ కలపాలి, స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టించకుండా. తర్వాత నమూనా తీసి సిరంజితో ఒక చిన్న బిళ్ళ గుండా లాగుతాం. బిళ్ళ పసుపు రంగులోనే ఉంటే సరి. ఆకుపచ్చకు తిరిగిందంటే ఇంధనంలో నీళ్లున్నట్టు, ఆ లారీ పక్కన పెట్టాల్సిందే. పైన చలిలో ఆ నీటి చుక్క గడ్డకట్టి వడపోతకు అడ్డం పడిందంటే ఇంజన్ ఆగుతుంది. వానాకాలంలో, మన కోస్తా ఉక్కలో, ఆరుబయట రోడ్డు పక్కన నిలబెట్టిన లారీలో నీరు చేరడం ఎంత సులువో నాకు తెలుసు.

ఇంధనం ఒక్కటే కాదు. ఆయుధాలు ఎక్కించేవాళ్లు, ఆక్సిజన్, చక్రాలు, ఇంజన్ మొదలుపెట్టే బండి, ఇవన్నీ రావాలి. పక్షులూ కుక్కలూ రాకుండా కాపలా. నింపుతున్నంతసేపూ ఇంకో విమానం దిగడానికి వీలుగా మొదటిదాన్ని పక్కకు నిలిపే చోటు. ఇది మొత్తం పదిచోట్ల పెట్టాలంటే ట్యాంకర్ విమానం కొనడం కంటే చవక అవుతుందని నేననుకోను.

రొయ్యల_చెరువు · సింగరాయకొండ · 11.21

కుక్కల సంగతి నిజం. మా ఊరి దగ్గర హైవే మీద వాటిదే రాజ్యం.

సుబేదారు_ఉదయగిరి · ఉదయగిరి · ఆదివారం ఉదయం 6.10

నేను సైన్యంలో సరఫరా విభాగంలో, ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేసి పదవీ విరమణ పొందినవాడిని. విమానాల గురించి పెద్దగా మాట్లాడను. ఇంధనం గురించి మాట్లాడతాను.

లడఖ్‌కు శ్రీనగర్ నుంచి జోజిలా మీదుగా ఒక దారి, మనాలి నుంచి ఇంకో దారి. మంచు పడితే కనుమలు మూసుకుపోతాయి. అందుకే వేసవిలోనే చలికాలం మొత్తానికి సరిపడా బియ్యం, పప్పు, కిరోసిన్, డీజిల్, మందుగుండు పైకి చేర్చాలి. దీన్నే మేము ముందస్తు చలికాల నిల్వ అంటాం. 2020 జూన్ గల్వాన్ ఘర్షణ తర్వాత అదనంగా వేలాది మంది సైనికులు పైకి వెళ్లారు. వాళ్లకు గుడారాలు, బుఖారీలనే చలి పొయ్యిలు, వాటికి కిరోసిన్, అన్నీ కనుమలు మూయకముందే చేర్చారు. ఆ ఏడాది పత్రికలు తుపాకుల గురించి రాశాయి గానీ, నాకైతే ఆ నిల్వే పెద్ద యుద్ధంలా కనిపించింది.

అక్కడ మామూలు డీజిల్ తెల్లవారేసరికి మైనంలా గట్టిపడుతుంది. డ్రైవర్లు పొద్దున్నే లేచి లారీ ట్యాంకు కింద రేకు డబ్బాలో మంట పెట్టేవాళ్లు, కరిగిందాకా. ట్యాంకు కింద మంట! కింద మైదానంలో ఎవరైనా ఆ పని చేస్తే పిచ్చివాడంటాం. 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా గట్టిపడని ప్రత్యేక డీజిల్ వచ్చాక ఆ బాధ తగ్గింది. మనాలి వైపు 2020 అక్టోబరులో అటల్ సొరంగం, సోనామార్గ్ దగ్గర 2025 జనవరిలో ఇంకో సొరంగం తెరిచారు. జోజిలా కిందిది కూడా పూర్తయితే మా పని ఎంతో మారిపోతుంది.

విమానాల వాళ్లకు ఒక్క మాట. లేహ్‌లో దిగే సరుకుల విమానం తిరిగి వెళ్లడానికి ఇంధనం కింది నుంచే మోసుకొస్తే సరుకు తగ్గుతుంది. లేహ్‌లో పోయించుకుంటే ఆ ఇంధనాన్ని ఎప్పుడో మేమే లారీల మీద కనుమలు దాటించి ఉంటాం. ఎటు తిరిగి ఎటు వచ్చినా ఎవరో ఒకరు మోయాల్సిందే.

కందుకూరు_బీటెక్ · కందుకూరు · 7.35

సుబేదారు గారూ, నమస్కారం. మోసే ఇంధనంలో కొంత మోసే లారీయే తాగేస్తుంది కదా. అది ఎంత దూరం దాకా గిట్టుబాటు అవుతుంది?

సుబేదారు_ఉదయగిరి · ఉదయగిరి · 7.58

బాబూ, అసలు చిక్కు నువ్వు పట్టుకున్నావు. దూరం పెరిగేకొద్దీ మోసేవాడి తిండే ఎక్కువవుతుంది. 1944లో ఫ్రాన్స్‌లో మిత్రదళాలు అంత వేగంగా ముందుకు దూసుకెళ్లాయంటే వెనకనుంచి ‘రెడ్ బాల్’ అని పేరు పెట్టిన లారీల వరస రాత్రింబవళ్లు నడిచింది కాబట్టి. ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా నడిపారు. ఒక దశలో దాదాపు 6,000 లారీలు. ఆ లారీలే బోలెడు పెట్రోలు తాగేవి, టైర్లు అరిగిపోయేవి. అయినా అమెరికా జనరల్ ప్యాటన్ నడిపిన యుద్ధ ట్యాంకులు పెట్రోలు లేక లొరైన్‌లో నిలబడిపోయాయి. మొన్నటికి మొన్న 2022లో కీవ్ వైపు వెళ్లిన రష్యా వాహనాల వరస 60 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీదే ఇరుక్కుపోయింది. కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఇంధనం, తిండి అందకపోవడం ఒకటి.

కావలి_మేష్టారు · కావలి · 9.30

బీటెక్ బాబు అడిగినదానికి గాలిలోంచి రెండు ఉదాహరణలు. రెండోది కాస్త పొడవు, నాకు ఇష్టమైనది కాబట్టి భరించండి.

మొదటిది మన దేశంలో జరిగింది. 1944లో అమెరికా బీ-29 బాంబర్లు బెంగాల్, బీహార్ వైపు ఖరగ్‌పూర్, చాకులియా లాంటి చోట్ల ఉండేవి. జపాన్ మీద దాడికి చైనాలో చెంగ్‌డూ దగ్గర దిగి నింపుకుని వెళ్లాలి. చెంగ్‌డూకు నేలదారి లేదు. కాబట్టి ఆ ఇంధనాన్ని కూడా హిమాలయాల మీదుగా విమానాల్లోనే మోయాలి. ఒక్క బాంబరు ఒక్కసారి దాడికి వెళ్లాలంటే ముందు అది తన ఇంధనం కోసం పలుమార్లు హిమాలయాలు దాటాలి. చివరికి ఆ స్థావరాలు వదిలేసి పసిఫిక్ దీవులకు మారిపోయారు, అక్కడికి ఓడలు వస్తాయి కాబట్టి.

రెండోది 1982, బ్రిటన్ ఏలుబడిలో ఉండగా అర్జెంటీనా ఆక్రమించుకున్న ఫాక్లాండ్ దీవులు. ఆ దీవులకు దగ్గర్లో బ్రిటన్‌కు ఉన్న ఒకే ఒక్క స్థావరం అసెన్షన్ దీవి. ‘దగ్గర్లో’ అంటే ఫాక్లాండ్‌కు సుమారు 6,300 కిలోమీటర్లు, మధ్యలో సముద్రం తప్ప ఏమీ లేదు. ఫాక్లాండ్‌లోని పోర్ట్ స్టాన్లీ రన్‌వే మీద బాంబులు వేయాలి. వల్కన్ బాంబర్లున్నాయి గానీ గాలిలో ఇంధనం అందుకునే వాటి ముక్కు గొట్టాలు వాడక ఏళ్లయింది. మ్యూజియంలలో నిలబెట్టిన విమానాల నుంచి గొట్టాలు ఊడదీసి తెచ్చారు, వెటకారం కాదు.

ఏప్రిల్ 30 రాత్రి ఒక్క బాంబరు కోసం పదకొండు విక్టర్ ట్యాంకర్లు లేచాయి. ట్యాంకర్లు బాంబరుకు మాత్రమే కాదు, ఒకదానికొకటి కూడా పోసుకుంటూ పోవాలి. పోసినవి వెనక్కి తిరుగుతాయి, మిగిలినవి ముందుకు పోతాయి. లేచిన కాసేపటికే అసలు వల్కన్ కిటికీ మూసుకోక తిరిగి వచ్చేసింది. వెంట అదనంగా లేచిన రెండో వల్కన్, మార్టిన్ విదర్స్ నడుపుతున్నది, ఆ పని అందుకుంది. చివరి అంచెలో తుపాను మేఘాల్లో ఒక విక్టర్ గొట్టం విరిగింది. దాంతో రెండు విక్టర్లు పాత్రలు మార్చుకున్నాయి, ముందుకు పోవాల్సినది వెనక్కి, వెనక్కి తిరగాల్సినది ముందుకు. ఆఖరి విక్టర్ వల్కన్‌కు ఇవ్వాల్సినది ఇచ్చేశాక, తిరిగి అసెన్షన్ చేరేంత ఇంధనం తన దగ్గరే లేదు. రేడియోలో సాయం అడిగితే శత్రువుకు తెలుస్తుంది. అందుకని నోరు విప్పకుండా ఇంటివైపు సాగిపోయింది. బాంబులు పడ్డాయన్న సంకేతం వినపడ్డాకే సాయం అడిగింది, ఇంకో ట్యాంకర్ ఎదురొచ్చి పోసింది.

వేసినవి 21 బాంబులు. రన్‌వే మధ్యలో పడింది ఒకటి.

గుండ్లకమ్మ · ఒంగోలు · 9.44

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు! ఆ గుంత పూడ్చుకుని అర్జెంటీనా సరుకుల విమానాలు ఆ తర్వాత కూడా దిగాయి మేష్టారూ. అదీ చెప్పండి.

కావలి_మేష్టారు · కావలి · 10.02

దిగాయి, కాదనను. కానీ అర్జెంటీనా తన వేగవంతమైన యుద్ధవిమానాలను ఆ రన్‌వే నుంచి నడపలేకపోయింది, అవి ప్రధాన భూభాగం నుంచే వచ్చేవి. అంత దూరం నుంచి రావడంతో దీవుల మీద వాటికి మిగిలే సమయం నిమిషాల్లో ఉండేది. వాళ్ల దగ్గరున్న ట్యాంకర్లు రెండే. అంటే ఆ యుద్ధంలో రెండు పక్షాలకూ చిక్కు ఇంధనమే.

అదే వరసలో జూన్ 3న ఇంకో వల్కన్ తిరిగి వస్తుంటే గొట్టం విరిగి బ్రెజిల్‌లో రియో విమానాశ్రయంలో దిగాల్సి వచ్చింది. ఒక గొట్టం కొన విరిగితే బాంబరు పరాయి దేశంలో చిక్కుకుంటుంది.

పరాయి దేశం అంటే గుర్తొచ్చింది. 1986 ఏప్రిల్‌లో అమెరికా లిబియా మీద దాడి చేసినప్పుడు ఫ్రాన్స్, స్పెయిన్ తమ గగనతలంలోకి రానివ్వలేదు. బ్రిటన్ నుంచి లేచిన అమెరికా ఎఫ్-111 దాడి విమానాలు సముద్రం మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాయి. ట్యాంకర్లు లేకపోతే ఆ ‘వద్దు’ అన్న మాటతోనే పని ఆగిపోయేది.

గిత్త_ఒంగోలు · ఒంగోలు · 10.30

మరి దొనకొండ సంగతేమిటి? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ బ్రిటిష్‌వాళ్లు విమానాశ్రయం వేశారు. ఇప్పుడు ఖాళీగా పడుంది. దాన్ని బాగుచేస్తే రోడ్డు మూయనక్కర్లేదు కదా.

బిట్రగుంట_లోకో · బిట్రగుంట · 10.41

దొనకొండకు ఆ రోజుల్లో రైలు ఉంది, రైలు షెడ్డు ఉంది. విమానాలకు కావలసినవి రైల్లో వచ్చేవి. గూడూరు బౌజర్ గారు చెప్పిందే, పట్టీ వెనకాల పట్టాలుండాలి.

కందుకూరు_బీటెక్ · కందుకూరు · 11.05

ఇంకో సందేహం. గాలిలో గొట్టం తగిలించడం ఎలా? రెండు రకాలున్నాయంటారు.

గూడూరు_బౌజర్ · గూడూరు · 11.50

నేను నేల మీది మనిషిని, అయినా వాయుసేనలో ఉన్న మావాళ్ల దగ్గర విన్నది, చదివింది కలిపి చెబుతాను.

ఒక రకంలో ట్యాంకర్ వెనక పొడవాటి గొట్టం వేలాడుతుంది, దాని కొసన బుట్ట. యుద్ధవిమానం ముక్కు దగ్గర నుంచి బయటికి పొడుచుకొచ్చిన కడ్డీ ఉంటుంది. పైలట్ ఆ కడ్డీని బుట్టలోకి దూర్చాలి. ట్యాంకర్ కంటే మనిషి నడిచేంత వేగం మాత్రమే ఎక్కువగా దగ్గరవ్వాలి. ఎక్కువైతే గొట్టం మెలికలు తిరిగి కొరడాలా కొడుతుంది, తక్కువైతే తాళం పడదు. తన విమానం ముక్కు తోసే గాలికే బుట్ట చివరి క్షణంలో పక్కకు జరుగుతుంది. అందుకే బుట్టనే చూస్తూ దాన్ని వెంటాడవద్దని, ట్యాంకర్‌ను చూస్తూ నడపమని నేర్పుతారట. మన ఐఎల్-78కి ఇలాంటి గొట్టాలు మూడు. రెక్కల కింద రెండు, తోక దగ్గర ఒకటి. 2018 సెప్టెంబరులో తేజస్ మొదటిసారి ఐఎల్-78 నుంచి 20,000 అడుగుల ఎత్తులో 1,900 కిలోలు అందుకుంది. 2020 జూలైలో మొదటి అయిదు రఫేల్‌లు ఫ్రాన్స్ నుంచి వస్తూ దారిలో ఫ్రెంచ్ ట్యాంకర్ నుంచి నింపుకున్నదీ ఇలాగే.

రెండో రకం అమెరికా వాయుసేనది. ట్యాంకర్ తోక కింద గట్టి గొట్టం ఉంటుంది, చిన్న రెక్కలతో. ట్యాంకర్‌లో కూర్చున్న మనిషి దాన్ని నడిపి, కిందనున్న విమానం వీపు మీది రంధ్రంలో దించుతాడు. పాత కేసీ-135లో ఆ మనిషి బోర్లా పడుకుని కిటికీలోంచి చూస్తాడు. కొత్త కేసీ-46లో కెమెరాలు పెట్టి తెరలో చూడమన్నారు, ఆ కెమెరాలతో ఏళ్ల తరబడి తలనొప్పే. గట్టి గొట్టంలో ఇంధనం చాలా వేగంగా పోతుంది, పెద్ద విమానాలకు అదే బాగు.

గుండ్లకమ్మ · ఒంగోలు · 12.20

ఇక కొనుగోలు కథ నేను చెబుతాను, రక్షణ వ్యవహారాల్లో పరీక్షలకు చదివి చదివి కంఠతా వచ్చింది. కొత్త ట్యాంకర్లకు 2009లో ఎయిర్‌బస్ ఏ330ని ఎంచుకున్నారు, 2010లో ఖర్చెక్కువని ఆపేశారు. మళ్లీ టెండరు పిలిచి 2013లో దాన్నే ఎంచుకున్నారు, 2016లో మళ్లీ రద్దు చేశారు. రెండుసార్లు గెలిచి రెండుసార్లూ ఇంటికి పోయిన విమానం అదొక్కటే ఉంటుంది. 2025 మార్చిలో మెట్రియా అనే ప్రైవేటు సంస్థ నుంచి ఒక కేసీ-135ని అద్దెకు తీసుకునే ఒప్పందం చేసుకున్నారు. ఒకే ఒక్కటి, అదీ మన పైలట్లకు శిక్షణ కోసం.

నేను ట్యాంకర్లు వద్దనడం లేదు. ఆరు విమానాల మీద ఆశ పెట్టుకుని పట్టీలు తక్కువ చేసి మాట్లాడవద్దంటున్నాను. అమెరికా దగ్గర నాలుగు వందలకు పైగా ట్యాంకర్లున్నాయి కాబట్టి ఒకటి పోయినా తట్టుకుంటుంది. వాళ్లు కూడా విమానవాహక నౌక మీద నుంచి పైలట్ లేని ట్యాంకర్‌ను ఎందుకు తయారుచేస్తున్నారు? ఎంక్యూ-25 అనే ఆ విమానం 2021 జూన్‌లో మొదటిసారి ఇంకో విమానానికి ఇంధనం ఇచ్చింది. ప్రమాదం ఉన్నచోటికి పెద్ద ట్యాంకర్ పోలేదని వాళ్లకూ తెలుసు.

సుబేదారు_ఉదయగిరి · ఉదయగిరి · 12.45

అమ్మా, నీ మాటలో పట్టు ఉంది. పట్టీలు ఉండాలి. కానీ ఆ పట్టీల వెనక లారీలు, డ్రైవర్లు, నిల్వలు ఎవరు ఏర్పాటు చేస్తారో బడ్జెట్ కాగితంలో వెతుకు. కాంక్రీటు పోసిన రోజున ఫొటో దిగడానికి అందరూ వస్తారు, బౌజర్ కొన్న రోజున ఎవరూ రారు.

రొయ్యల_చెరువు · సింగరాయకొండ · 12.58

మా ఊరి వైపు తుపాను వస్తే ఆ పట్టీ మీద సహాయ సామగ్రి దింపుతామని చెప్పారు. నాకు ఆ ఉపయోగం చాలు. యుద్ధం సంగతి మీరు తేల్చుకోండి.

నిర్వాహకుడు · మధ్యాహ్నం 1.10

నౌకల్లో ఇంధనం, విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కడుతున్న అయిదు సరఫరా నౌకల గురించి ఇద్దరు సభ్యులు విడిగా అడిగారు. దానికి వేరే చర్చ తెరుస్తున్నాను. ఇక్కడ విమానాల వరకే ఉంచండి.

కందుకూరు_బీటెక్ · కందుకూరు · 2.15

బౌజర్ గారూ, ఆఖరి ప్రశ్న. మన దగ్గర అమెరికా నుంచి కొన్న పెద్ద విమానాలు కూడా ఉన్నాయి కదా. సీ-17, నౌకాదళం పీ-8ఐ. వాటికి మన ఐఎల్-78 ఇంధనం ఇవ్వగలదా?

గూడూరు_బౌజర్ · గూడూరు · 3.05

ఇవ్వలేదు. ఆ రెండింటికీ వీపు మీద రంధ్రమే, కడ్డీ లేదు. ఐఎల్-78కి బుట్టే, గట్టి గొట్టం లేదు. పీ-8ఐలు మనకు ఎంతో దూరం కాని అరక్కోణంలోనే ఉన్నాయి, బంగాళాఖాతం మీద జలాంతర్గాముల కోసం వెతికేవి అవే. జలాంతర్గామి జాడ దొరికినట్టే దొరికి ఇంధనం తగ్గిందని వెనక్కి తిరగాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించు. ఆ విమానం పుట్టినప్పటి నుంచీ వీపున ఆ రంధ్రం ఉంది, మన వాయుసేన సొంత ట్యాంకర్లలో దానికి సరిపడేది ఒక్కటీ లేదు. కొత్తవి కొనేటప్పుడు బుట్టా, గట్టి గొట్టమూ రెండూ ఉన్నవే కొనాలి. ఏ330కి రెండూ పెట్టుకోవచ్చు.

గుండ్లకమ్మ · ఒంగోలు · 3.12

ఈ ఒక్క విషయంలో మీతో వాదన లేదు. సముద్రం మీద నేను పట్టీ వేయలేను. పీ-8ఐ కోసమైతే కొనండి, సుఖోయ్ కోసమైతే ముందు బౌజర్లు కొనండి.